తనది కాని ఇంటికి తలకు మించిన అప్పు

అర్ధరాత్రి కావస్తోంది. 1709 ఫిబ్రవరి 9. ఇంగ్లండ్‌లోని లింకన్‌షైర్‌లో ఎప్‌వర్త్ అనే చిన్న ఊరు. అక్కడి చర్చి గురువు శామ్యూల్ వెస్లీ ఇంట్లో అందరూ నిద్రపోతున్నారు. వీధిలోంచి ‘నిప్పు... నిప్పు’ అని కేకలు వినిపించి ఆయన లేచి తలుపు తీసేసరికి ఇల్లంతా పొగ. గడ్డి కప్పు అంటుకుంది. ఒంట్లో బాగాలేక వేరే గదిలో పడుకున్న భార్య సుసానాను లేపాడు. ఆమె నిండు చూలాలు. పనమ్మాయి చంటివాడు చార్లెస్‌ను చంకనేసుకుని, మిగతా పిల్లలను వెంట రమ్మని అరుస్తూ కిందకి పరుగెత్తింది. సుసానా మంటల్లోంచే నడిచి బయటపడింది. చేతులు, మొహం కమిలాయి.

పెరట్లో నిలబడి పిల్లల్ని లెక్కపెట్టుకుంటే ఒకడు తగ్గాడు. ఐదేళ్ల జాన్.

తండ్రి లోపలికి పరుగెత్తాడు. మెట్లు మండుతున్నాయి, కాలు పెట్టే వీల్లేదు. రెండుమూడుసార్లు ప్రయత్నించి, ఇక లాభం లేదని మోకాళ్ల మీద కూలబడి, బిడ్డ ఆత్మను దేవుడికి అప్పగిస్తూ ప్రార్థన చేశాడు. సరిగ్గా అప్పుడే పైఅంతస్తు కిటికీలో చిన్న మొహం కనిపించింది. నిద్ర లేచిన పిల్లాడు దగ్గర్లో ఉన్న పెట్టె ఎక్కి నిలబడ్డాడు. నిచ్చెన తెచ్చే వ్యవధి లేదు. ఒకాయన గోడకు ఆనుకుని నిలబడితే, ఇంకొకాయన ఆయన భుజాల మీదికెక్కి పిల్లాణ్ని లాగేశాడు. ఆ మరుక్షణం కప్పు లోపలికి కూలింది. బయటికి కూలి ఉంటే ముగ్గురూ పోయేవారు.

ఆ పిల్లాడే తర్వాత మెథడిస్ట్ ఉద్యమాన్ని నడిపిన జాన్ వెస్లీ. సికింద్రాబాద్‌లో ఆయన పేరిట చర్చి, పాఠశాలలు ఉన్నాయి. 1924 డిసెంబర్ 25న తలుపులు తెరిచిన మెదక్ చర్చిని కట్టించిన చార్లెస్ వాకర్ పోస్నెట్ కూడా వెస్లీ సంఘం నుంచి వచ్చిన పాస్టరే. ‘నిప్పులోంచి బయటపడ్డ కొరివిని’ అని జాన్ జీవితాంతం తన గురించి చెప్పుకొన్నాడు. కాబట్టి ఆ రాత్రి సంగతి చాలామంది రాశారు.

పిల్లాడు బతికాడు సరే, ఇల్లు? కాలిన చోటే ఏడాది తిరక్కుండా ఎర్రటి ఇటుకలతో మరో ఇల్లు లేచింది. అది ఈనాటికీ నిలబడి ఉంది. ఆ ఇంటి కథ పిల్లాడి కథంత ప్రసిద్ధం కాదు. ఒక మనిషి తన స్తోమతకు మించి, తనకు ఎన్నటికీ సొంతం కాని ఇంటిని, ఎందుకంత పెద్దగా కట్టాడన్నది అందులో ప్రశ్న.

రెక్టర్ ఇల్లు అంటే...

రెక్టర్ ఉండే ఇంటిని రెక్టరీ అంటారు. ఇంగ్లండ్ పల్లెల్లో చర్చి గురువులందరూ రెక్టర్లు కారు. ఊళ్లో పండిన పంటలో పదోవంతు చర్చికి ఇవ్వాలన్నది పాత ఆచారం. ఆ పదోవంతు పూర్తిగా ఎవరికి దక్కుతుందో ఆయన రెక్టర్. అందులో కొంత భాగమే దక్కితే వికార్. వికార్ ఇల్లు వికారేజ్. ఊరికి కొత్తగా వచ్చినవాడు గురువుగారి ఇంటి పేరు వింటే చాలు, ఆయన రాబడి ఎంతో ఓ అంచనాకు వచ్చేసేవాడు!

పదోవంతుతోపాటు కొంత భూమి కూడా ఉండేది. మన గుడి మాన్యం లాంటిదే. పూజారి దాన్ని సాగు చేసుకోవచ్చు, కౌలుకు ఇచ్చుకోవచ్చు, అమ్ముకోవడానికి మాత్రం వీల్లేదు. ఇల్లూ అంతే. పదవిలో ఉన్నంతకాలం రెక్టర్‌ది. ఆయన పోయిన రోజున భార్యాబిడ్డలు సామాను సర్దుకోవాలి. వచ్చే రెక్టర్ గుమ్మం దగ్గర ఎదురుచూస్తుంటాడు.

ఇందులో ఇంకో మెలిక ఉంది. ఇల్లు చర్చిదే అయినా మరమ్మతులు రెక్టర్ జేబులోంచే. కప్పు కారితే ఆయనే బాగు చేయించుకోవాలి. బాగు చేయించకుండా చనిపోతే, ఆ ఖర్చు లెక్కకట్టి ఆయన వారసుల దగ్గర వసూలు చేసే హక్కు కొత్త రెక్టర్‌కు ఉండేది. అద్దె ఇంట్లో ఉండేవాడికి ఇంటి బాధ లేదు, సొంతిల్లు ఉన్నవాడికి ఖాళీ చేసే బాధ లేదు. రెక్టర్‌కు రెండు బాధలూ ఉన్నాయి.

చాలాకాలం తర్వాత, 1776లో ఒక చట్టం వచ్చింది. రెక్టర్లు తమ పదవి మీద వచ్చే ఆదాయాన్ని తనఖా పెట్టి ఇంటికి అప్పు తెచ్చుకోవచ్చు, ఆ బాకీ మనిషితో పోకుండా పదవితోపాటే సాగుతుంది. ఇంగ్లండ్ పల్లెల్లో ఇప్పుడు కనిపించే అందమైన పెద్ద రెక్టరీలు చాలా మటుకు ఆ తర్వాతి వందేళ్లలో కట్టినవే. శామ్యూల్ వెస్లీకి ఆ వెసులుబాటు లేదు. ఆయన ఇల్లు కాలింది ఆ చట్టానికి 67 ఏళ్ల ముందు.

ఐదు అంకణాల గడ్డిల్లు

కాలిపోయిన ఇల్లు ఎలా ఉండేదో తెలుసుకోవడానికి ఒక ఆధారం ఉంది. 1607లో రాసిపెట్టిన చర్చి ఆస్తుల చిట్టా. ఇల్లు ఐదు అంకణాలు. మన పల్లెల్లో అంకణాల లెక్కన ఇల్లు ఎంత పెద్దదో చెప్పినట్టే వాళ్లూ చెప్పుకొనేవారు. చెక్క చట్రం, దాని మధ్య పూత గోడలు, పైన గడ్డి కప్పు. మూడు అంతస్తులు. ముఖ్యమైన గదులు ఏడు. కింద వంటిల్లు, పెద్ద సావడి, కూర్చునే గది, సరుకులూ పీపాలూ దాచే కొట్టు. పైన మూడు పెద్ద గదులు. పక్కన కంచె వేసిన చిన్న తోట.

ఆ పాత ఇంట్లోకి 1690ల చివర్లో వెస్లీ కుటుంబం వచ్చింది. ఏడాదికి 200 పౌండ్ల రాబడి అన్నారు. కాగితం మీద అది మంచి జీతమే. కానీ శామ్యూల్ వచ్చేటప్పటికే అప్పుల్లో ఉన్నాడు. కవిత్వం రాస్తాడు, లాటిన్, గ్రీకు, హీబ్రూ చదువుతాడు. వ్యవసాయం మాత్రం రాదు. అయినా మాన్యం భూమిలో సేద్యానికి దిగాడు. పుట్టిన పిల్లలు 19 మంది. బతికి పెద్దవాళ్లయింది పదిమంది. ముగ్గురు కొడుకులు, ఏడుగురు కూతుళ్లు.

ఊరితో పొత్తు కుదరలేదు. ఎప్‌వర్త్ ఉన్న ప్రాంతాన్ని ఆక్స్‌హోమ్ దీవి అంటారు. సముద్రం మధ్య దీవి కాదది. చుట్టూ బురదనేల, మధ్యలో మెరక. 1626లో రాజుగారు ఒక డచ్ ఇంజినీర్‌ను పిలిపించి ఆ బురదనేలలోని నీటిని తోడించే పని మొదలెట్టించాడు. చేపలు, పక్షులు పట్టుకుంటూ పశువులు మేపుకుంటూ బతికిన జనం తమ నేల పోయిందని తిరగబడ్డారు. గట్లు తెగ్గొట్టారు. ఆ కోపం తరాలపాటు చల్లారలేదు. పైనుంచి వచ్చిన ఏ అధికారి అన్నా వాళ్లకు పడేది కాదు. శామ్యూలేమో నిలువెల్లా రాజభక్తి ఉన్నవాడు, నోరు అదుపులో ఉండదు. 1705 ఎన్నికల్లో ఊరికి గిట్టని పక్షం తీసుకున్నాడు. ఇంటి ముందు డప్పులు, తుపాకీ చప్పుళ్లు. ఆ గొడవ సద్దుమణగక ముందే, 30 పౌండ్లు కూడా లేని బాకీకి ఆయన్ను చర్చి ఆవరణలోనే పట్టుకుని లింకన్ కోటలో ఉన్న జైలుకు పంపారు. ఇంట్లో ఆవుల్ని రాత్రిపూట ఎవరో పొడిచి పోయారు.

ఆ కష్టకాలంలో యార్క్ ఆర్చిబిషప్ సుసానాను అడిగాడట, ‘అమ్మా, నిజం చెప్పు, ఎప్పుడైనా తిండికి లోటు వచ్చిందా?’ అని. రొట్టె లేని రోజైతే లేదంది ఆమె. కాకపోతే తినకముందు దాన్ని సంపాదించడానికి, తిన్నాక దాని బాకీ తీర్చడానికి పడే తంటాల వల్ల అది రుచించేది కాదంది. అప్పుల ఇంట్లో అన్నం ఎలా ఉంటుందో ఇంతకంటే బాగా ఎవరు చెప్పగలరు?

1702లోనూ ఒకసారి ఆ ఇల్లు అంటుకుంది. మూడింట రెండొంతులు పోయింది. దాని వెనుక ఓ కథ చెబుతారు. రాజు విలియం కోసం ప్రార్థిస్తుంటే భార్య ‘ఆమెన్’ అనలేదని శామ్యూల్ అలిగి, ఇద్దరు రాజులుంటే రెండు మంచాలు ఉండాల్సిందే అని ఇల్లు వదిలిపోయాడు. తిరిగొచ్చి కలిసిన కొద్దిరోజులకే ఈ ప్రమాదం. మరుసటి ఏడాది జూన్‌లో జాన్ పుట్టాడు. భార్యాభర్తల రాజకీయ భేదం సర్దుకోకపోతే మెథడిస్టులే లేకపోయేవారన్నమాట!

1709 మంట ఎవరు పెట్టారు? ఊరివాళ్లేనని వెస్లీ కుటుంబం అనుమానం. రుజువైతే కాలేదు. బట్టలు, సామాను, పుస్తకాలు, ఏళ్ల తరబడి రాసుకున్న కాగితాలు... అన్నీ బూడిదయ్యాయి.

మళ్లీ గడ్డి జోలికి పోలేదు

ఇప్పుడు ఎప్‌వర్త్ వెళ్లి ఆ ఇంటి ముందు నిలబడితే మొదట కనిపించేది ఎరుపు. ఇటుక గోడలు, పెంకు కప్పు. చెక్క చట్రం లేదు, గడ్డి లేదు. రెండుసార్లు చేతులు కాలినవాడు మూడోసారి అంటుకునే వస్తువుతో ఇల్లెందుకు కడతాడు? 1666 లండన్ అగ్నిప్రమాదం తర్వాత రాజధానిలో ఇళ్లు ఇటుకతోనో రాతితోనో కట్టాలని చట్టమే చేశారు. పల్లెలకు ఆ చట్టం వర్తించకపోయినా, కాస్త ఉన్నవాళ్లు క్రమంగా అదే దారి పట్టారు.

ఇల్లు క్వీన్ ఆన్ శైలిలో ఉంటుంది. ఆన్ రాణి ఏలిన కాలం 1702 నుంచి 1714. పేరు రాణిగారిదే అయినా ఆ శైలిలో రాజసం తక్కువ, లెక్క ఎక్కువ. గోడకు పూత ఉండదు, ఇటుకే అందం. కిటికీలు ఒకదాని పక్కన ఒకటి వరుసలో, పై వరుస కింది వరుసకు సరిగ్గా ఎదురుగా. కప్పు ఏటవాలుగా లేచి దాని కింద ఇంకో అంతస్తుకు సరిపడా అటక మిగులుతుంది. స్తంభాలు, శిల్పాలు లాంటి హంగులు ఉండవు. పాత గడ్డిల్లు అవసరాన్ని బట్టి గది పక్కన గది చేర్చినట్టుంటే, ఈ ఇల్లు ముందు కాగితం మీద గీసుకుని, తర్వాత కట్టినట్టుంటుంది.

కిటికీల గురించి ఓ మాట. 1696 నుంచి ఇంగ్లండ్‌లో కిటికీలకు పన్ను ఉండేది. ఇంటికి పది దాటితే అదనం. 1851 దాకా వసూలు చేశారు. పన్ను భయానికి కిటికీలను ఇటుకలతో మూసేసిన ఇళ్లు ఆ దేశంలో ఇప్పటికీ కనిపిస్తాయి. జైలుకు పోయి వచ్చిన బాకీదారు మాత్రం వీధికి ఎదురుగా వరసగా కిటికీలు పెట్టించాడు. కాలిపోయిన పళ్లమొక్కల చోట మళ్లీ మొక్కలు నాటించాడు.

ఖర్చు 400 పౌండ్ల దాకా అయింది. చేతికి అణా పైసలతో సహా వచ్చినా రెండేళ్ల రాబడి. మరి ఎందుకింత? ఆయన గొప్పకు పోయాడని కొందరు జీవితచరిత్రకారులు విసుక్కున్నారు. అందులో నిజం ఉంది. కానీ ఊరు తనను తరిమేయాలని చూస్తోందని నమ్మినవాడు, కాలిన చోటే అంతకంటే పెద్దగా, అంతకంటే గట్టిగా కట్టడంలో గొప్పతోపాటు మొండితనమూ ఉంది. నేను ఇక్కడే ఉంటాను అని ఇటుకలతో చెప్పాడు. ఆ మొండితనానికి వెల కట్టింది మాత్రం ఇంట్లో ఆడవాళ్లు.

1722లో సుసానా తన అన్నకు రాసిన ఉత్తరంలో ఆ సంగతి దాచలేదు. ఆయన ఏడాదిలోపే ఇల్లు కట్టేశాడు గానీ, కాలిపోయి పదమూడేళ్లు కావస్తున్నా అందులో సగం సామాను కూడా అమరలేదని, భార్యాబిడ్డల ఒంటి మీద సగం బట్టలైనా లేవని రాసింది. బయటి నుంచి చూస్తే జిల్లాలో చెప్పుకోదగ్గ ఇల్లు. లోపల బోసి గదులు. ఇలాంటి ఇళ్లు ప్రతి ఊళ్లో ఒకటైనా ఉంటాయి. గుమ్మం ముందు నుంచి వెళ్లేవాళ్లకు ఆ సంగతి తెలియదు.

గదులు నిండింది ఇలా...

కొత్త ఇల్లు లేచేదాకా పిల్లలు చెట్టుకొకరు పుట్టకొకరు అయ్యారు. చుట్టాల ఇళ్లలో, ఇరుగుపొరుగు ఇళ్లలో పెరిగారు. అందరూ మళ్లీ ఒకచోట చేరేసరికి భాష మారింది, మర్యాద పోయింది, నౌకర్లతో ఆటలు, ఆదివారం అల్లరి. సుసానాకు ఇల్లు కాలినదానికంటే ఇదే ఎక్కువ బాధ. అందుకే కొత్త గోడల మధ్య మళ్లీ మొదటి నుంచి మొదలెట్టింది.

ఆమె ఇంటినే బడి చేసింది. ఉదయం తొమ్మిది నుంచి పన్నెండు, మధ్యాహ్నం రెండు నుంచి ఐదు. బిడ్డకు ఐదేళ్లు నిండిన మర్నాడు ఇల్లంతా సర్ది, అందరికీ పనులు అప్పజెప్పి, ఆ ఒక్క బిడ్డతో కూర్చునేది. సాయంత్రానికి అక్షరాలన్నీ వచ్చి తీరాలి. ఇద్దరు ఆడపిల్లలకు మాత్రం ఒకటిన్నర రోజు పట్టింది. ఆ ఇద్దరూ మందబుద్ధులని అప్పట్లో అనుకున్నానని ఆమే తర్వాత రాసింది. మిగతావాళ్ల వేగం చూశాక అలా అనిపించి ఉంటుంది గానీ, పాపం, ఒకటిన్నర రోజులో అక్షరాలన్నీ వచ్చే పిల్లలు ఎంతమంది ఉంటారు?

రాత్రుళ్లు ఒక్కో బిడ్డకు ఒక్కో వారం కేటాయించింది. సోమవారం మోలీ, మంగళవారం హెట్టీ, అలా... గురువారం జాన్. ఆ గంటసేపు ఆ బిడ్డ మనసులో మాట వినడమే పని. అన్నేళ్ల తర్వాత, ఆక్స్‌ఫర్డ్‌లో ఉండగా జాన్ తల్లికి రాసిన ఉత్తరంలో ఆ గురువారం సాయంత్రాలను తలచుకున్నాడు. సామాను లేని గదుల్లో ఆమె పెట్టిన సామాను ఇది.

వంటింట్లో రెండొందల మంది

ఆ ఇంట్లో ఇప్పుడు చూడటానికి వచ్చినవాళ్లు ఎక్కువసేపు నిలబడేది కింది అంతస్తులోని వంటింట్లో.

1711-12 చలికాలం. శామ్యూల్ చర్చి పెద్దల సభల కోసం నెలల తరబడి లండన్‌లో ఉన్నాడు. అతని బదులు పని చూస్తున్న క్యూరేట్ ప్రసంగాలు చప్పగా ఉండేవి. ఆదివారం సాయంత్రం సుసానా తన పిల్లల్ని, నౌకర్లను కూర్చోబెట్టుకుని, భర్త గదిలోంచి తెచ్చిన మంచి ప్రసంగం ఒకటి చదివి, ప్రార్థన చేయించడం మొదలుపెట్టింది. నౌకరు కుర్రాడు వెళ్లి వాళ్లింట్లో చెప్పాడు. వాళ్లూ వస్తామన్నారు. ముప్పై నలభై మందయ్యారు. ఆ తర్వాత రెండొందలు దాటారు. నిలబడే చోటు లేక వెనక్కి పోయినవాళ్లూ ఉన్నారు.

ఈ ధైర్యం ఎక్కడిది ఆమెకు? మనకు ఆశ్చర్యం కలిగించే సంగతి ఇక్కడే ఉంది. ఆ రోజుల్లో ఆమె చేతికో పుస్తకం వచ్చింది. భర్త చదువుకునే గదిలో పెద్ద కూతురు ఎమీలియాకు దొరికింది. డెన్మార్క్ రాజు పంపగా 1706లో మన దక్షిణాదికి, తమిళ తీరంలోని తరంగంబాడికి వచ్చిన ఇద్దరు మిషనరీల అనుభవాలు అందులో ఉన్నాయి. ఆ పుస్తకం రోజుల తరబడి మనసులోంచి పోలేదని సుసానాయే భర్తకు రాసింది. నేను మగవాణ్ని కాను, గురువును కాను, అయినా ఇంతకంటే ఎక్కువేదో చేయగలను కదా అనిపించిందట. పిల్లలకు వారాలు కేటాయించింది, వంటింటి తలుపులు తెరిచింది ఆ తర్వాతే.

తరంగంబాడి నుంచి ఎప్‌వర్త్ వంటింటికి వచ్చిన ఆ గాలి రెండు వందల ఏళ్ల తర్వాత మెదక్ దాకా తిరిగొచ్చింది. అదే తరంగంబాడి మిషన్‌కు వచ్చిన బెంజమిన్ షుల్జ్ ఆ తర్వాత బైబిల్‌ను తెలుగులోకి తేవడానికి పూనుకున్నాడు. ప్రపంచం మనం అనుకున్నంత పెద్దదేం కాదు.

క్యూరేట్ ఊరుకుంటాడా? చర్చికి రావలసిన జనం వంటింటికి పోతున్నారని లండన్‌కు ఉత్తరం రాశాడు. ఆడది నలుగురిలో ప్రార్థన చేయించడం ఏమిటని శామ్యూల్ కూడా ఇబ్బందిపడ్డాడు. మానేస్తే బాగుంటుందని రాశాడు. సుసానా జవాబు మెత్తగానే ఉంది, కానీ కదిలించలేనంత గట్టిది. మానేయాలని నీకు అనిపిస్తోందని రాస్తే చాలదు, మానేయమని సూటిగా ఆజ్ఞాపించు. మనుషులకు మంచి చేసే అవకాశం ఎందుకు వదులుకున్నావని రేపు దేవుడు అడిగితే, నీ ఆజ్ఞ చూపించి నేను తప్పుకుంటాను... ఇదీ ఆమె రాసిన దాని సారం. ఆ ఆజ్ఞ రాలేదు.

చర్చి గోడల బయట జనాన్ని పోగేసి ప్రసంగించవచ్చునన్నది జాన్ వెస్లీ పెద్దయ్యాక చేసిన పెద్ద తెగింపు. ఎనిమిదేళ్ల వయసులో అతను దాన్ని సొంత వంటింట్లో చూశాడు.

అటక మీద జెఫ్రీ

మూడో అంతస్తు గురించి చెప్పకపోతే ఎప్‌వర్త్ వాళ్లు ఒప్పుకోరు. 1716 డిసెంబర్‌లో కొత్త ఇంట్లో వింత చప్పుళ్లు మొదలయ్యాయి. మూలుగులు, తలుపు తట్టినట్టు శబ్దాలు, మెట్ల కింద సీసాలు పగిలినట్టు మోత. చూస్తే సీసాలు చెక్కుచెదరకుండా ఉండేవి. కాపలా కుక్క మొదట మొరిగింది, తర్వాత తోక ముడిచి మనుషుల వెనక నక్కింది. శామ్యూల్ కుటుంబ ప్రార్థనలో జార్జి రాజు పేరెత్తగానే గోడలు దడదడలాడేవట. ఆ దయ్యానికీ రాజకీయాలున్నాయి! పిల్లలు దానికి ఓల్డ్ జెఫ్రీ అని పేరు పెట్టి అలవాటు పడిపోయారు. జనవరి చివరికి చప్పుళ్లు సద్దుమణిగాయి. అటకలో ఒక గదిని ఇప్పటికీ జెఫ్రీ గది అనే చూపిస్తారు. కుటుంబ సభ్యులు రాసిన ఉత్తరాలను శాస్త్రవేత్త జోసెఫ్ ప్రీస్ట్‌లీ 1791లో అచ్చు వేయించాడు. ఊరివాళ్ల కక్ష, నౌకర్ల తుంటరితనం, ఎలుకలు, దయ్యం... ఎవరికి తోచిన వివరణ వాళ్లు ఇచ్చారు.

సత్రంలో దిగిన కొడుకు

ఇల్లు కట్టాక శామ్యూల్ ఇరవై ఆరేళ్లు బతికాడు. అప్పులు తీరలేదు. వయసు మీద పడ్డాక, తన తర్వాత ఎప్‌వర్త్ రెక్టర్ పదవి నువ్వు తీసుకో అని జాన్‌ను అడిగాడు. ఆ కోరిక వెనకున్నది పదవి ఒక్కటే కాదు. కొడుకు రెక్టరైతే ఇల్లు ఇంట్లోనే ఉంటుంది. ముసలి తల్లి, పెళ్లి కాని చెల్లెళ్లు గూడు ఖాళీ చేయక్కర్లేదు. జాన్ ఆక్స్‌ఫర్డ్ వదల్లేనంటూ అంకెలు వేసి మరీ కారణాలు రాసి పంపాడు. ఒక కుటుంబం నెత్తిన నీడ ఉంటుందా పోతుందా అన్న ప్రశ్నకు తర్కశాస్త్రం ప్రకారం జవాబు! తర్వాత మనసు మార్చుకుని ప్రయత్నించినా పదవి దక్కలేదు.

1735 ఏప్రిల్ 25న శామ్యూల్ కన్నుమూశాడు. చర్చి ఆవరణలో సమాధి చేశారు. సమాధి చేసిన ఆ రోజే, పొలం కౌలు కింద 15 పౌండ్లు బాకీ ఉందంటూ భూమి యజమానురాలు వచ్చి ఇంటి పశువులను జప్తు చేయించింది. వాటి విలువ 40 పౌండ్ల పైనే. చార్లెస్ తన అన్నకు రాసిన ఉత్తరంలో ఈ లెక్క ఉంది. నలభై ఏళ్లపాటు బాకీలకు భయపడిన ఇంట్లో తలుపు తట్టిన చివరి బాకీ అది.

సుసానా ఎర్ర ఇల్లు వదిలింది. ఆ తర్వాత ఏడేళ్లు ఒక బిడ్డ ఇంటి నుంచి ఇంకో బిడ్డ ఇంటికి.

ఇల్లు మాత్రం తన పని తాను చేసుకుపోయింది. రెక్టర్ తర్వాత రెక్టర్ వచ్చారు, వెళ్లారు. 1954లో ప్రపంచ మెథడిస్ట్ కౌన్సిల్ కొనేదాకా అది రెక్టరీగానే ఉంది. మరమ్మతులు చేయించి 1957లో సందర్శకులకు తెరిచారు. ఇరవయ్యో శతాబ్దంలో ఇంగ్లండ్ చర్చి ఇలాంటి పెద్ద ఇళ్లు చాలా అమ్మేసింది. అంత ఇంటిని వెచ్చగా ఉంచుకోవడం, బాగు చేయించుకోవడం గురువుల తరం కాలేదు. వాళ్లకు చిన్న ఇళ్లు కట్టించారు. ఇప్పుడు అక్కడ ఏ పల్లెలోనైనా ‘ది ఓల్డ్ రెక్టరీ’ అని గేటు మీద పేరుందంటే లోపల ఉన్నది డబ్బున్నవాళ్లే. జేన్ ఆస్టిన్ 1775లో పుట్టిన స్టీవెంటన్ రెక్టరీకి ఆ అదృష్టమూ పట్టలేదు, 1820లలోనే పడగొట్టేశారు. అప్పు చేసైనా గట్టిగా కట్టడం వల్ల ఎప్‌వర్త్ ఇల్లు మిగిలింది.

1742 జూన్‌లో జాన్ వెస్లీ ఎప్‌వర్త్ వచ్చాడు. అప్పటికి ఇంగ్లండ్ అంతా తెలిసిన పేరు. తండ్రి ఇంట్లో వేరే రెక్టర్. ఊరి మధ్యనున్న సత్రంలో దిగాడు. తనను ఎరుగుదుమని చెప్పుకోవడానికి సిగ్గుపడనివాళ్లు ఇక్కడ ఎవరైనా మిగిలారో లేదో అనుకుంటూ దిగానని డైరీలో రాసుకున్నాడు. తండ్రి దగ్గర పనిచేసిన పాత నౌకరు ఒకామె వచ్చి పలకరించింది. మర్నాడు ఆదివారం, చర్చిలో ప్రసంగానికి సాయం చేస్తానంటే అక్కడి క్యూరేట్ వద్దన్నాడు.

చర్చి నుంచి బయటికొస్తున్న జనానికి జాన్ వెంట వచ్చిన మనిషి ఆవరణలో నిలబడి చెప్పాడు. వెస్లీగారిని లోపల మాట్లాడనివ్వలేదు గనక సాయంత్రం ఆరింటికి ఇక్కడే మాట్లాడతారని. ఆరింటికి ఎప్‌వర్త్ ఎన్నడూ చూడనంత జనం వచ్చారు. జాన్ తండ్రి సమాధి రాయి ఎక్కి నిలబడ్డాడు. వారం రోజులపాటు సాయంత్రాలు అక్కడి నుంచే మాట్లాడాడు.

లండన్‌లో కొడుకు దగ్గరే ఉంటున్న సుసానా ఆ జూలైలో చనిపోయింది.